కొత్త కాలిపర్లు, లోతుకు దిగే పెడల్

పాత కార్లకు కాలిపర్లు, అంటే చక్రంతో తిరిగే డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకు భాగాలు, మార్చుకున్న తరువాత బ్రేకు పెడల్ మునుపటిలా లేదంటూ వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. మొదటి ఉత్తరంలో వివరాలు ఎక్కువగా ఉన్నాయి, అందులోని చిక్కు కూడా ఒక్కటి కాక రెండు మూడు కలిసినదిగా తోస్తోంది కనుక దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న (ఒక పాఠకుడు, డల్లాస్): నా దగ్గర 1972 నాటి డాట్సన్ 240జెడ్ ఉంది. ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చిన రెండు పిస్టన్ల కాలిపర్లను తీసివేసి, 1980ల తొలినాటి టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు వచ్చే నాలుగు పిస్టన్ల కాలిపర్లను అమర్చాను. డిస్కులు కూడా పాత మందంలోనే కొత్తవి వేశాను. పెడల్ నొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ను పైపులలోకి తోసే మాస్టర్ సిలిండర్ కారుతున్నట్లు అనిపించి, అదే కొలతలో, అంటే 7/8 అంగుళం బోరుతో (లోపలి వ్యాసంతో), కొత్తది బిగించాను. అది సరిగా కూర్చోవడానికి కాలి బలాన్ని పెంచే బూస్టర్ ముందున్న పుష్‌రాడ్‌ను (మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీని) బయటికి లాగి, పొడవు సరిచేసి తిరిగి పెట్టాను. అప్పటి నుంచి పెడల్ మొదటిసారి నొక్కితే సగం దాకా దిగిపోతుంది, వెంటనే రెండోసారి నొక్కితే పైననే గట్టిగా నిలుస్తుంది. హైవే దిగే వంపు రోడ్డు మీద తిరిగి వచ్చాక నొక్కినప్పుడు ఈ లోతు మరీ ఎక్కువ. బ్రేకు పట్టడం మొదలైతే మాత్రం ఒక్కసారిగా పట్టేస్తుంది, కొద్దికొద్దిగా ఆపుకోవడానికి వీలు ఉండదు. పైపులలోని గాలి తీయడం అయితే ఎన్నోసార్లు చేశాను. కాలిపర్లు విప్పి సీళ్లు మార్చినప్పుడు పిస్టన్లు కొలిచాను: పాతవి 54 మి.మీ., కొత్తవి 43, 34 మి.మీ. ఇక్కడి మిత్రులు 280జెడ్‌ఎక్స్ కారుకు వచ్చే 15/16 అంగుళం మాస్టర్ సిలిండర్ వేస్తే అంతా సర్దుకుంటుందని అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. పిస్టన్ల వ్యాసాలను కొలిచి రాసి మీరు మా పనిని సగం చేసిపెట్టారు. నాలుగు పిస్టన్లు అనగానే కాలిపర్ రెట్టింపు ఆయిల్ తాగుతుందని చాలామంది అనుకుంటారు గాని, కావలసిన ఆయిల్‌ను నిర్ణయించేది పిస్టన్ల సంఖ్య కాదు, వాటి ముఖ వైశాల్యం. మీ పాత కాలిపర్‌లో డిస్కుకు ఒక్కో పక్క 54 మి.మీ. పిస్టన్ ఒకటి ఉండేది, దాని వైశాల్యం సుమారు 2,290 చదరపు మి.మీ. కొత్త కాలిపర్‌లో ఒక్కో పక్క 43, 34 మి.మీ. పిస్టన్లు రెండు ఉన్నాయి, వాటి వైశాల్యం కలిపితే సుమారు 2,360 చదరపు మి.మీ. పెరిగింది దాదాపు మూడు శాతం మాత్రమే. ఇంత చిన్న తేడా కాలికి తెలిసే అవకాశమే లేదు.

దీన్ని పెడల్ దగ్గరికి తెచ్చి చూద్దాం. ముందు రెండు చక్రాలలో కలిపి నాలుగు ప్యాడ్లు ఉంటాయి. ఒక్కో ప్యాడ్ డిస్కును తాకడానికి 0.1 మి.మీ. ముందుకు జరగాలనుకుంటే, పాత కాలిపర్లకు 916 ఘనపు మి.మీ. ఆయిల్, కొత్తవాటికి 944 ఘనపు మి.మీ. ఆయిల్ కావాలి. మీ మాస్టర్ సిలిండర్ బోరు వైశాల్యం దాదాపు 388 చదరపు మి.మీ. కనుక అందులోని పిస్టన్ పాత కాలిపర్లకు 2.36 మి.మీ., కొత్తవాటికి 2.43 మి.మీ. కదలాలి. పెడల్ లీవర్ నిష్పత్తి ఐదుకు ఒకటి అనుకుంటే, పాదం కింద అది 11.8 మి.మీ. నుంచి 12.2 మి.మీ. అవుతుంది. అర మిల్లీమీటరు కూడా లేని ఈ తేడా పెడల్‌ను సగం దాకా దింపలేదు. అదే లెక్కలో ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఖాళీ 0.1 నుంచి 0.3 మి.మీ.కు పెరిగిందనుకోండి, పెడల్ 36 మి.మీ.కు పైగా దిగుతుంది. అందుచేత మీరు వెతకవలసింది ఆ ఖాళీ ఎక్కడి నుంచి వస్తోందన్నది. 15/16 అంగుళం సిలిండర్ వేస్తే ఆ 36 మి.మీ. కాస్తా 32 మి.మీ. అవుతుంది, దానికి బదులుగా అదే కాలి బలానికి పైపులలో వచ్చే ఒత్తిడి 13 శాతం తగ్గుతుంది. అసలు లోపం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

వంపు తిరిగి వచ్చిన తరువాత లోతు ఎక్కువవుతోందన్న మాట చాలా విలువైనది. పైపులలో గాలి ఉంటే దానికి వంపుతో పని లేదు, తిన్నగా వెళ్లినా వంపు తిరిగినా పెడల్ ఒకేలా మెత్తగా ఉంటుంది. వంపులో చక్రం మీద పక్కబలం పడినప్పుడు, దానిని బిగించే హబ్ కొద్దిగా ఒరిగితే, దానితోపాటు డిస్కు కూడా ఒరిగి ప్యాడ్లను, వాటి వెనకాల పిస్టన్లను లోపలికి తోసేస్తుంది. తరువాత మొదటిసారి నొక్కినప్పుడు ఆ ఖాళీ పూడ్చడానికే పెడల్ ప్రయాణం ఖర్చవుతుంది, రెండోసారికి ప్యాడ్లు డిస్కు దగ్గరనే ఉంటాయి కనుక పెడల్ పైన నిలుస్తుంది. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే. పైగా 240జెడ్‌లో డిస్కు హబ్ వెనుక వైపున బోల్టులతో బిగించి ఉంటుంది, హబ్‌ను బయటికి తీయనిదే డిస్కు మార్చలేరు. అంటే కాలిపర్లతోపాటు ముందు చక్రాల బేరింగుల బిగువును కూడా మీరు కదిపారన్నమాట. కారు జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి, ఆడుతున్నట్లు అనిపిస్తే అదే సమయంలో ఒకరిని బ్రేకు నొక్కి పట్టమనండి. బ్రేకు నొక్కగానే ఆ ఆట పోతే లూజు బేరింగుదే, నొక్కినా పోకుండా ఆడుతూనే ఉంటే సస్పెన్షన్‌లోని బాల్ జాయింటును అనుమానించాలి. బేరింగు నట్టును హబ్ తిప్పుతూ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించి, చెప్పినంత మేరకు వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. చేత్తో అందాజుగా బిగించే పని ఇక్కడ చెల్లదు, ఎందుకంటే బేరింగులో చేతికి అంతగా తెలియని ఆట కూడా డిస్కు అంచు దగ్గరకు వచ్చేసరికి పెద్దదవుతుంది.

బేరింగు సరిచేసిన తరువాతే, సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ తెచ్చి డిస్కు వంకర కొలవండి. అంచు దగ్గర 0.1 మి.మీ. లోపు ఉంటే ఇబ్బంది లేదు. ఎక్కువ ఉంటే కొత్త డిస్కును తప్పుపట్టకముందు దానిని విప్పి, హబ్ మీద అది కూర్చునే ముఖాన్ని చూడండి. యాభై ఏళ్ల హబ్ మీద పేరుకున్న తుప్పు పొర ఒక్కటి చాలు, నిఖార్సయిన డిస్కును కూడా వంకరగా తిప్పడానికి. అలాగే డిస్కు కాలిపర్ మధ్యలోకి వస్తోందో లేదో రెండు పక్కలా, సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడండి. ఇది కదలని కాలిపర్ కనుక డిస్కు ఒక పక్కకు ఉంటే దానంతటదే జరిగి సర్దుకోదు, ఒక వైపు పిస్టన్లు ఎప్పుడూ ఎక్కువ దూరం ప్రయాణం చేయవలసి వస్తుంది. నాలుగింటిలో ఏ పిస్టన్ అయినా బిగుసుకొని ఉంటే అవతలి పక్క పిస్టన్లు డిస్కును వంచుతూ దాని మీదికి నెడతాయి, అప్పుడు పెడల్ సాగుతున్నట్లు ఉంటుంది. సీళ్లు మీరే మార్చారు కాబట్టి ఆ అవకాశం తక్కువే, అయినా ఒక్కసారి ప్యాడ్లు తీసి నాలుగూ సమానంగా కదులుతున్నాయో లేదో చూడడంలో నష్టం లేదు.

ముందు చక్రాలనే చూస్తూ, లోపలి నుంచి షూలు ఒరుసుకొని ఆపే వెనుక డ్రమ్ములను మరవకండి. మీ కారులోనిది ముందుకొకటి, వెనుకకొకటి చొప్పున రెండు పిస్టన్లున్న మాస్టర్ సిలిండర్. అవి రెండూ ఒకే వరుసలో ఉంటాయి కనుక ముందు చక్రాల ఖాళీకి అయ్యే ప్రయాణం, వెనుక షూల ఖాళీకి అయ్యే ప్రయాణం కూడుకొని పెడల్ దగ్గర కనిపిస్తాయి. దీనికి చాలా తేలికైన పరీక్ష ఉంది. చేతి బ్రేకును రెండు మూడు పళ్లు లాగి ఉంచి పెడల్ నొక్కండి. పెడల్ ఇంతకు ముందుకన్నా స్పష్టంగా పైన నిలిస్తే వెనుక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నట్లే. ఈ కారులో చేతి బ్రేకు లాగినప్పుడల్లా వెనుక షూలు సర్దుకునే ఏర్పాటు ఉంది గాని, తుప్పు, పాత గ్రీజు కలిసి అది పనిచేయని బండ్లే ఎక్కువ. డ్రమ్ములు విప్పి, ఆ పళ్లచక్రం చేతికి తిరుగుతోందో లేదో చూసి, శుభ్రం చేసి సర్దండి.

ఇక ఒక్కసారిగా పట్టేయడం. ఇది పై వాటికి సంబంధించినది కాదని మా అభిప్రాయం. బూస్టర్ లోపల, పుష్‌రాడ్ వెనుక తలకు ఆనుకొని రియాక్షన్ డిస్క్ అనే చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. పైపులలో పెరిగే ఒత్తిడిలో కొంత భాగాన్ని కాలికి తిరిగి అందించి, ఎంత నొక్కితే అంత పట్టేలా చూసేది అదే. పుష్‌రాడ్‌ను బయటికి లాగినప్పుడు ఆ బిళ్ల ఊడి బూస్టర్ డబ్బా అడుగున పడిపోవడం డాట్సన్ జెడ్ కార్లలో అందరికీ తెలిసిన జబ్బు, మీరు పుష్‌రాడ్‌ను లాగానని రాశారు కూడా. బిళ్ల లేకపోతే దాని మందం మేర పెడల్ ఊరికే దిగుతుంది, ఆ తరువాత బూస్టర్ బలమంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మాస్టర్ సిలిండర్‌ను పైపులు విప్పకుండానే నట్లు తీసి కాస్త ముందుకు జరిపి, రాడ్‌ను తిన్నగా బయటికి తీసి, టార్చి లైటుతో లోపలికి చూడండి. రాడ్ తల కూర్చునే గుంటలో నల్లని రబ్బరు కనిపించాలి. మెరిసే లోహం కనిపిస్తే బిళ్ల పడిపోయినట్లే. వంచిన తీగతో ఓపికగా బయటికి తీయవచ్చు. అది ఉబ్బి ఉన్నా, అంచులు చిట్లి ఉన్నా తిరిగి వాడకండి. తిరిగి కూర్చోబెట్టిన తరువాత రాడ్ పొడవును మాన్యువల్ చెప్పిన కొలతకు సరిచేయాలి. రాడ్ పొట్టిదైతే మళ్లీ పెడల్ ఊరికే దిగుతుంది. పొడవైతే అంతకన్నా చెడ్డది, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోయి, బ్రేకులు వేడెక్కిన కొద్దీ వాటంతట అవే పట్టుకుంటాయి.

గాలి సంగతి చివరికి ఉంచాం, ఎందుకంటే మీ పెడల్ రెండోసారి పైన గట్టిగా నిలుస్తోంది. గాలి ఉంటే రెండోసారికి కాస్త పైకి వచ్చినా, అక్కడ కూడా స్ప్రింగులా మెత్తగానే ఉంటుంది. అయినా కాలిపర్ల గాలి నిపుళ్లు (గాలి బయటికి వదిలే చిన్న మరలు) పై వైపున ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, అప్పుడు ఎంత ఆయిల్ పోసినా పైన చేరిన గాలి కదలదు. ఇంతటి పొరపాటు ఎవరు చేస్తారని నవ్వుకోకండి, అనుభవం ఉన్న షెడ్లలోనే జరుగుతూ ఉంటుంది. ఇవన్నీ సరిచేశాక కూడా అనుమానం మిగిలితే నాలుగు రబ్బరు హోస్ పైపులను దానికోసం అమ్మే నున్నటి క్లాంపులతో బిగించి పెడల్ నొక్కండి. అప్పుడు అది పైన రాయిలా నిలిస్తే మాస్టర్ సిలిండర్ మంచిదే. ఒక్కో క్లాంపునే వదులుతూ వెళ్తే ఏ చక్రం దగ్గర పెడల్ దిగుతోందో ఆ చక్రమే మీకు జవాబు చెబుతుంది.

ప్రశ్న (ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్): మా వారి 1965 మోరిస్ మైనర్‌కు ముందు డ్రమ్ముల స్థానంలో డిస్కులు, కాలిపర్లు అమర్చాము. మాస్టర్ సిలిండర్ పాతదే. బయలుదేరినప్పుడు పెడల్ చక్కగా ఉంటుంది. కొంత దూరం నడిపాక పెడల్ పైకి వచ్చి గట్టిపడుతుంది, కారు ఎవరో వెనక్కి లాగుతున్నట్లు బరువుగా నడుస్తుంది. ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. కాలిపర్లే బాగాలేవా?

జవాబు: కాలిపర్లను అనుమానించకముందు పాత మాస్టర్ సిలిండర్‌ను చూడాలి. డ్రమ్ము బ్రేకులకు తయారైన మాస్టర్ సిలిండర్ కొనన ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలిన తరువాత కూడా పైపులలో చదరపు అంగుళానికి పది పౌండ్ల వరకు ఒత్తిడిని అది నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే బలమైన స్ప్రింగులు ఉన్నందువల్ల అక్కడ ఆ ఒత్తిడి హాని చేయదు, వీల్ సిలిండర్ల సీళ్లు గోడకు అంటిపెట్టుకొని ఉండేందుకు సాయపడుతుంది కూడా. కాలిపర్‌లో అటువంటి స్ప్రింగు ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు ముందుకు సాగి, ఒత్తిడి పోగానే తన ఆకారానికి తిరిగి వచ్చేటప్పుడు పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. పది పౌండ్ల ఒత్తిడి నిలిచి ఉంటే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, రాపిడికి ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మీరు రాసినట్లు కారు బరువెక్కుతుంది.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. కారు బరువుగా నడుస్తున్నప్పుడే సమతలంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని లేపి, మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరే పైపు యూనియన్‌ను కొద్దిగా వదులు చేయండి. చక్రం వెంటనే తేలికగా తిరిగితే ఒత్తిడిని పట్టి ఉంచింది మాస్టర్ సిలిండరే. అక్కడ వదిలినా తిరగక, కాలిపర్ నిపుల్ తెరిచినప్పుడు మాత్రమే తిరిగితే మధ్యలో ఉన్న హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోతోంది. నిపుల్ తెరిచినా తిరగకపోతేనే కాలిపర్ పిస్టన్లు బిగుసుకున్నాయని అనుకోవాలి. మొదటిదే తేలితే, వాల్వును తీసివేయకముందు ఇంకొకటి చూడండి: పెడల్ వదిలి ఉన్నప్పుడు పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య కొద్దిపాటి ఆట ఉండాలి. అది లేకపోయినా ఇవే లక్షణాలు వస్తాయి, దానిని సరిచేయడానికి ఖర్చు ఏమీ లేదు.

వాల్వు తీసేస్తే కథ పూర్తి కాదు. మోరిస్ మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, చాసిస్ కమ్మీ లోపల ఉంటుంది, అంటే కాలిపర్ల కన్నా కిందన. వాల్వు పూర్తిగా లేకపోతే కారు నిలిచి ఉన్నప్పుడు కాలిపర్లలోని ఆయిల్ మెల్లగా వెనక్కి దిగుతుంది, మరునాడు మొదటి పెడల్ లోతుకు పోతుంది. దీనికోసమే డిస్కులకు రెండు పౌండ్ల వాల్వులు విడిగా దొరుకుతాయి. దాని మీద గుర్తించిన బాణం కాలిపర్ల వైపు ఉండేలా ముందు చక్రాలకు వెళ్లే పైపులో అమర్చాలి. వెనుక చక్రాలకు డ్రమ్ములే ఉన్నాయి కనుక వాటి పైపులో పది పౌండ్లది ఉంచితే బాగుంటుంది. ఆ మాస్టర్ సిలిండర్‌ను విప్పడం ఎంత చికాకో, దాని బోల్టుకు ముందు సస్పెన్షన్‌లోని టోర్షన్ బార్ అడ్డుపడే తీరు ఎలాంటిదో మీవారికి తెలిసే ఉంటుంది. ఎలాగూ విప్పుతున్నారు కనుక లోపలి రబ్బర్లు కూడా అప్పుడే మార్చమనండి.

ప్రశ్న (ఒక పాఠకుడు, విశాఖపట్నం): నా ప్రీమియర్ పద్మినికి ముందు డ్రమ్ములు తీసి, ఒక చిన్న కారు కాలిపర్లను స్థానికంగా చేయించిన బ్రాకెట్ల మీద బిగించాం. సముద్రగాలికి పనికివస్తుందని ఆయిల్‌కు బదులు సిలికాన్ ఫ్లూయిడ్ పోశాం. పెడల్ ఎక్కడా గట్టిపడడం లేదు, అడుగు దాకా మెత్తగానే ఉంటోంది. ఎందువల్ల?

జవాబు: రెండు విషయాలను విడివిడిగా చూడాలి. మొదటిది సిలికాన్. బ్రేకు ఆయిల్ రకాలలో డాట్ 5 అని అమ్మే సిలికాన్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకోదు, రంగు పాడుచేయదు, అందుకే ఏడాదికి నాలుగు రోజులు తిరిగే కార్లకు కొందరు దానిని ఇష్టపడతారు. కాని అది గాలిని సన్నని బుడగలుగా తనలో పట్టి ఉంచుకుంటుంది, మామూలు ఆయిల్ కన్నా కాస్త ఎక్కువగా నొక్కుకుపోతుంది కూడా. సీసాను ఊపి పోసినా, నిపుల్ తెరిచి పెడల్‌ను వేగంగా పంపింగ్ కొట్టినా బుడగలు ఇంకా పెరుగుతాయి. పైగా డాట్ 3, డాట్ 4 రకాలతో అది కలవదు. వ్యవస్థలో పాత ఆయిల్ ఏ మూలనో మిగిలి ఉంటే రెండూ విడివిడిగా ఉండిపోతాయి, కొత్తగా చేరే తేమ కూడా విడిగా అడుగున చేరి తుప్పుకు దారితీస్తుంది. డాట్ 5.1 అనే పేరు చూసి అది కూడా సిలికానే అనుకోకండి, అది డాట్ 4 జాతికే చెందినది. మా సలహా ఏమిటంటే, పైపులు, సిలిండర్లు పూర్తిగా కడిగించి డాట్ 4కు తిరిగి వెళ్లండి. కొత్తగా ఉన్నప్పుడు దాని మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చిన తరువాత కనీసం 155 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. విశాఖ వంటి తేమ ఊళ్లో ఏడాదికి, లేదా మహా అయితే రెండేళ్లకు ఒకసారి మార్చుకుంటే చాలు.

రెండోది ఆ బ్రాకెట్, నిజం చెప్పాలంటే మాకు దాని మీదే ఎక్కువ అనుమానం. ఇంజను నడుస్తుండగా ఒకరిని పెడల్ బలంగా నొక్కి వదలమని, మీరు చక్రం తీసిన చోట కాలిపర్‌ను చూడండి. నొక్కినప్పుడల్లా కాలిపర్ మెలి తిరుగుతున్నట్లు కంటికి కనిపిస్తే, మీ కాలి బలం బ్రాకెట్‌ను వంచడానికి పోతోందన్నమాట. పలుచని ప్లేటుకు రెండు చోట్ల వెల్డింగు పెట్టిన బ్రాకెట్ మీద నలుగురు ఎక్కే కారును ఆపడం మంచిది కాదు. దానిని మరమ్మతు చేయించవద్దు, తగిన మందంలో ఒకే ఉక్కు ముక్క నుంచి కోసి, రెండు ముఖాలూ సమాంతరంగా మిల్లింగు చేసి, వెల్డింగు లేకుండా కొత్తది చేయించండి. మీరు వేసినవి పిన్నుల మీద జరిగే కాలిపర్లు అయితే ఆ పిన్నులు వేలితో నెడితే జరగాలి. ఎండిపోయి బిగుసుకుంటే కాలిపర్ జరగలేక వంగుతుంది, పెడల్ మళ్లీ మెత్తగా ఉంటుంది. పిన్నులకు రబ్బరును పాడుచేయని, దానికోసం అమ్మే గ్రీజే వాడండి, బేరింగు గ్రీజు పూయవద్దు. ప్యాడ్లు తీసి వాటి ముఖం కూడా చూడండి: ఒక అంచున మాత్రమే రాసుకున్న గుర్తు ఉంటే బ్రాకెట్ ముఖం డిస్కుకు సమాంతరంగా లేదు. బ్రాకెట్ తేలేవరకు కారును రోడ్డు మీదికి తీయకపోవడమే క్షేమం.

ప్రశ్న (ఒక పాఠకుడు, న్యూజెర్సీ): నా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌కు బూస్టర్ లేదు. నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేసినప్పుడు బ్రేకుకు ఇంకా బలం కావాలని 1 అంగుళం బోరు మాస్టర్ సిలిండర్ తీసి 1 1/8 అంగుళం బోరుది వేశాను. ఇప్పుడు పెడల్ రాయిలా ఉంది, కారు ఆగడానికి నిలబడి తొక్కవలసి వస్తోంది. ప్యాడ్లు మార్చాలా?

జవాబు: ప్యాడ్లను అలాగే ఉండనివ్వండి, పాత మాస్టర్ సిలిండర్‌ను తిరిగి బిగించండి. బోరు పెరిగితే ఒక్కో అంగుళం పెడల్‌కు ఎక్కువ ఆయిల్ పోతుంది, అందుకే పెడల్ పైన నిలిచి గట్టిగా తోస్తుంది. కాని అదే కాలి బలం ఇప్పుడు ఎక్కువ వైశాల్యం మీద పడుతోంది కనుక ఒత్తిడి తగ్గుతుంది. 1 అంగుళం బోరు వైశాల్యం 507 చదరపు మి.మీ., 1 1/8 అంగుళానిది 641 చదరపు మి.మీ. మునుపటి ఒత్తిడి రావాలంటే మీరు 26 శాతానికి పైగా ఎక్కువ బలంతో నొక్కాలి. పెడల్ గట్టిగా ఉంటే బ్రేకు బలంగా ఉన్నట్లేనన్న అపోహ ఎంతోమందికి ఉంది గాని, బ్రేకును పట్టించేది కాలిపర్ దగ్గర వచ్చే ఒత్తిడి.

బూస్టర్ లేని కారుకు నాలుగు పిస్టన్ల కాలిపర్లతో 1 అంగుళం, వీలైతే 15/16 అంగుళం బోరు నప్పుతుంది. పెడల్ మునుపటికన్నా కాస్త లోతుగా దిగుతుంది, దానికి కంగారు పడకండి. చిన్న బోరుతో పెడల్ నేలను తాకే పరిస్థితి వస్తే మాత్రం లోపం ఖాళీలలోనో, గాలిలోనో, వెనుక డ్రమ్ముల సర్దుబాటులోనో ఉంటుంది. అందుకు డల్లాస్ పాఠకునికి చెప్పిన పరీక్షలే మీకూ వర్తిస్తాయి, బూస్టర్ సంగతి తప్ప. ఇంకొకటి కూడా చూడండి: బూస్టర్ ఉన్న కార్ల పెడల్‌కు లీవర్ నిష్పత్తి తక్కువగా, లేని వాటికి ఎక్కువగా ఉంటుంది. మీ కారును అంతకు ముందు ఎవరైనా బాగుచేస్తూ బూస్టర్ కారు పెడల్‌ను తెచ్చి బిగించి ఉంటే, బోరు ఎంత చిన్నదైనా కాలికి బరువుగానే ఉంటుంది. ఇరుసు నుంచి పాదం ఆనే చోటికి ఎంత దూరం, ఇరుసు నుంచి పుష్‌రాడ్ పిన్నుకు ఎంత దూరం అని టేపుతో కొలిచి, మొదటిదానిని రెండోదానితో భాగించండి. ఆరు దరిదాపుల్లో వస్తే పెడల్ సరైనదే, నాలుగు దగ్గర వస్తే మార్చవలసింది పెడల్‌ను.